‘సేవ’ అనే ఒక్క మాట వెనక

ప్రతి ఏటా జనవరి 3న సావిత్రీబాయి ఫూలే గురించి ఏదో ఒక సభలో మాట్లాడుతుంటాను. ఆమె నడిపిన బడుల గురించి, ఆమె మీద పడిన పేడముద్దల గురించి గంటసేపు చెప్పుకుంటాం. ఆమె చావు గురించి మాత్రం ఒక్క వాక్యం: ప్లేగు రోగులకు సేవ చేస్తూ మరణించింది. 2020లో మా వీధికి వచ్చిన ఆశా కార్యకర్తతో మాట్లాడాక ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా దాటలేకపోతున్నాను.

1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు కొద్ది నెలల్లోనే పూణేకు పాకింది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నాలుగే నాలుగు సెక్షన్లు. అధికారులు ఏ చర్య అయినా తీసుకోవచ్చు. సదుద్దేశంతో చేశామంటే వాళ్ల మీద దావా కూడా వేయకూడదు. రోగికి ఏం హక్కులున్నాయో ఆ చట్టంలో ఒక్క ముక్కా లేదు.

ఆ మార్చిలో పూణేలో రాండ్ అనే అధికారి ఆధ్వర్యంలో సైనికులు ఇంటింటి సోదాలు మొదలుపెట్టారు. ప్లేగు గడ్డలు చంకల్లో, గజ్జల్లో లేస్తాయి. పరాయి మగాడు, అదీ ఆయుధం పట్టుకున్నవాడు, ఇంట్లోకి చొరబడి వాటికోసం వెతుకుతుంటే ఆడవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా? రోగిని ఆసుపత్రికి, ఇంట్లోవాళ్లను క్యాంపుకి పంపేవాళ్లు. సామాన్లు తగలబెట్టేవాళ్లు. ఎలుకల మీది ఫ్లీ పురుగుల వల్ల ప్లేగు వ్యాపిస్తుందని అప్పటికింకా తెలియదు. జనం జబ్బుకన్నా సోదాకే ఎక్కువ భయపడి రోగుల్ని దాచిపెట్టారు.

జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు. మన చరిత్ర పుస్తకాల్లో పూణే ప్లేగు అంటే ఎక్కువగా ఈ కథే. ఆడవాళ్ల ఒంటిమీద జరిగిన సోదా అందులో మగవాళ్ల పరువు సమస్యగా మారిపోయింది. సైనికులు స్త్రీల మీద అత్యాచారాలు చేశారని ఇంగ్లండులో చెప్పిన గోఖలే, రుజువులు చూపలేక తిరిగొచ్చి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ స్త్రీలు బయటికొచ్చి చెప్పుకోగల పరిస్థితి ఉందా అని ఆ తగాదాలో ఎవరడిగారు?

అడిగిన ఒక గొంతు పండిత రమాబాయిది. ప్రభుత్వ ప్లేగు ఆసుపత్రిలో ఆడపిల్లలకు రక్షణ లేదని ఆమె 1897లోనే పత్రికకు ఉత్తరం రాసింది. ఇంటి పరువు గురించి కాదు, అక్కడ ఒంటరిగా ఉన్న పిల్ల గురించి రాసింది. ప్రభుత్వం ఆమె మాటల్ని కొట్టిపారేసింది.

సావిత్రీబాయి అప్పటికే లేదు. సోదాలు మొదలవడానికి కొద్దిరోజుల ముందు, మార్చి 10న, 66 ఏళ్ల వయసులో చనిపోయింది. డాక్టరైన కొడుకు యశ్వంత్ హడప్సర్ దగ్గర, ఊరి బయట వైద్యశాల పెట్టాడు. ముంఢ్వా మహార్‌వాడలో జబ్బుపడ్డ పిల్లవాడిని ఆమె స్వయంగా మోసుకుని అక్కడికి తెచ్చిందని, ఆ జబ్బే ఆమెకూ అంటుకుందని చెబుతారు.

ఇక్కడే నేను ఆగుతాను. రోగిని ఊరి బయటికి తీసుకెళ్లడం రెండుచోట్లా ఉంది. తేడా, తీసుకెళ్లే చేతుల్లో ఉంది. అంటరానివాడని ఎవరూ ముట్టని పిల్లవాడిని ఎత్తుకున్న చేతుల్ని ఆ వాడ నమ్మింది. కానీ ఆ చేతులకు ఏ రక్షణా లేదు. దాన్ని త్యాగం అని పొగిడినప్పుడల్లా ఆ లోపాన్ని మనమే కప్పేస్తున్నామేమో.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మళ్లీ ఆ 1897 చట్టాన్నే బయటికి తీశారు. ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకునే పని ఆశాలకు అప్పజెప్పారు. ఉద్యోగులు కాదు, ‘స్వచ్ఛంద కార్యకర్తలు’. ఆ పనికి కేంద్రం ఇస్తానన్నది నెలకు వెయ్యి రూపాయలు. ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చి వైద్య సిబ్బందిని కొడితే శిక్ష అన్నారు. మాస్కు సంగతి, జీతం సంగతి అందులో లేవు. ఆగస్టులో దేశమంతటా ఆశాలు సమ్మెకు దిగారు.

మా వీధికి వచ్చినామె గేటు బయటే నిలబడి నాతో అన్నది: “కొందరు తలుపు తియ్యరు మేడం. మేం జబ్బు మోసుకొస్తామని భయం. మమ్మల్ని చూస్తే క్వారంటైన్‌కి పట్టుకెళ్తారని ఇంకో భయం. ఇంటికెళ్తే మా అత్త లోపలికి రావొద్దంటది.” మంచినీళ్లు కావాలా అని అడిగాను. గ్లాసు ముట్టుకోకుండా తన సీసా పట్టింది. నేనూ కాస్త ఎత్తునుంచే పోశాను. ఎత్తునుంచి నీళ్లు పోయడం ఈ దేశంలో ఎంత పాత అలవాటో ఆ క్షణంలో నాకు తట్టలేదు. తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాను.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ప్రకటించినప్పుడు సంతోషించాను. కానీ అవార్డు జీతం కాదు. వచ్చే జనవరి 3న సావిత్రీబాయి చావు గురించి ఇంకో నాలుగు వాక్యాలు ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను. సభకు మా వీధి ఆశాని కూడా పిలుస్తాను, సన్మానానికి కాదు, మాట్లాడటానికి.