కోనసీమ పంట విరామం: ముందు మాట తప్పింది ఎవరు?

2011 సార్వాలో కోనసీమలో వేల ఎకరాలు ఊడ్పు లేకుండా ఉండిపోయాయి. గోదావరిలో నీరు లేకపోలేదు, విత్తనం దొరక్కా కాదు. పండించి అప్పులపాలు కావడం కన్నా చేను ఖాళీగా వదిలేయడమే మేలని ఊరూరా సమావేశమై తీర్మానించుకున్నారు. అంతకు పదేళ్ళ ముందు, 2000-01లో, ఆంధ్రప్రదేశ్ పొగాకుకు పంట విరామం వచ్చింది గానీ అది పొగాకు బోర్డు నిర్ణయం. కోనసీమలో పై నుంచి వచ్చిన ఉత్తర్వు ఏదీ లేదు. రైతులే తమకు తాము విధించుకున్నారు. దాని మీద అప్పుడు వినిపించిన విమర్శల్లో బలమైనది ఒకటుంది: కాటన్ కాలం నుంచి ప్రజాధనంతో నీరందుకుంటున్న నేలను బీడు పెట్టే హక్కు రైతుకు ఎక్కడిది, ఇది మాట తప్పడం కాదా అని. ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. నీటికీ పంటకూ మధ్య ఒక ఒప్పందం ఉందని అది ఒప్పుకుంటోంది. ఆ ఒప్పందాన్ని మొదటి నుంచీ చదివితే మాత్రం, 2011 కల్లా అది ఒకవైపు నుంచి చాలాసార్లు తెగిపోయి ఉందనీ, రైతులు ఆ సంగతిని బయటికి చెప్పారనీ నాకనిపిస్తుంది.

ఒప్పందం మొదలు ధవళేశ్వరం దగ్గర ఉంది. 1830లలో కరువులు, తుపానులతో రాజమండ్రి జిల్లా చితికిపోయింది. శిస్తు రాబడి పడిపోయింది. కారణాలు వెతకమని పంపిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. ఆ వెంటనే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన పెట్టాడు. కాటన్‌ను గోదావరి జిల్లాల్లో దేవుడిగా కొలుస్తారు, అందులో అతిశయోక్తి ఏమీ లేదు. అయితే మద్రాసు ప్రభుత్వాన్ని ఆయన ఒప్పించింది దయ పేరు చెప్పి కాదు, రాబడి లెక్క చూపించి: ఇంత పెట్టుబడి పెడితే ఇంత శిస్తు పెరుగుతుంది అని. 1847లో పని మొదలైంది, 1852లో ఆనకట్ట పూర్తయింది. వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర హేగ్ అనే యువ ఇంజనీరు 49 ఖానాల అక్విడక్టు కట్టి కాలువ నీటిని నగరం లంక మీదికి దాటించాడు. సర్కారు అనుకున్న రాబడి వచ్చింది, రైతుకు పంట వచ్చింది. ఇద్దరికీ లాభం ఉన్న వ్యవహారం కనకనే అది నిలిచింది.

ఆ వ్యవహారంలో రైతు వంతు ఏమిటో ప్రభుత్వం ఎప్పుడూ స్పష్టంగానే రాసుకుంది. 1865లో మద్రాసు నీటి తీరువ చట్టం వచ్చింది: సర్కారు నీరు వాడిన వాళ్ళు విడిగా తీరువ కట్టాలి. 1920ల చివర రీసెటిల్‌మెంటు పేరుతో గోదావరి, కృష్ణా డెల్టాల శిస్తును రూపాయికి మూడు అణాల చొప్పున పెంచబోతే పెద్ద ఆందోళనే నడిచింది. స్వాతంత్ర్యం తర్వాత తీరువ పేరు నీటి పన్నుగా మారింది. 1990ల చివరికి సార్వా వరికి ఎకరాకు 200 రూపాయలయింది. ప్రభుత్వం వంతు ఏమిటన్నది మాత్రం ఎక్కడా రాతపూర్వకంగా లేదు, అలవాటుగానే సాగింది. నీరు వేళకు రావాలి, వచ్చిన నీరు వేళకు పోవాలి, ఆ తర్వాతి కాలంలో పంటకు ధర ఉండాలి.

రాతలో లేని మాటకు విలువేమిటని అడిగేవాళ్ళకు ఆ 1865 చట్టమే ఒక జవాబిచ్చింది. ప్రభుత్వంతో ఉన్న ఒప్పందం వల్ల ఉచితంగా నీరు పొందే హక్కున్న జమీందారులపై తీరువ వేయరాదని అందులో ఒక మినహాయింపు ఉంది. 1802 నాటి శాశ్వత పరిష్కారం సనదుల్లో నీటి ఊసు సరిగా ఉండదు. అయినా వంశధార ఒడ్డున ఉర్లాం జమీందారీ వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళినప్పుడు, 1917లో తీర్పు జమీందారు పక్షాన వచ్చింది. ఏ పరిస్థితిని చూసి పేష్కష్ (జమీందారు సర్కారుకు కట్టే శిస్తు) నిర్ణయించారో ఆ పరిస్థితే ఒప్పందంలో భాగం, అప్పటికి పారుతున్న కాలువల నీటిని కొనసాగిస్తామన్న మాట అందులో ఇమిడే ఉందన్నది ఆ తీర్పు సారాంశం. జమీందారు విషయంలో చెల్లిన తర్కం ఎకరం, రెండెకరాల రైతు దగ్గర చెల్లకూడదనడానికి నాకు కారణం కనిపించదు. స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు కూడా 1978లో మోతీలాల్ పదంపత్ చక్కెర మిల్లుల కేసులో, ప్రభుత్వ వాగ్దానాన్ని నమ్మి ఎవరైనా అడుగు ముందుకు వేస్తే, నియమబద్ధమైన ఒప్పంద పత్రం లేదన్న సాకుతో ప్రభుత్వం తప్పించుకోలేదని చెప్పింది.

కోనసీమలో ఆ మాట మొదట తప్పింది మురుగు దగ్గర. ఈ నేల వాలు చాలా తక్కువ; కాలువ నీరు తేవడం ఎంత ఇంజనీరింగో, వాన నీరు సముద్రంలోకి పంపడం అంతకు రెట్టింపు ఇంజనీరింగు. కూనవరం, వాసాలతిప్ప, కౌశిక, శంకరగుప్తం డ్రెయిన్లు పూడి, గుర్రపుడెక్క పట్టి, మొగ దగ్గర ఇసుక మేట వేస్తే అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన చేలలో నీరు వారాల తరబడి కదలదు. పోటు సమయంలో సముద్రమే వెనక్కి తన్నుకొస్తుంది. శంకరగుప్తం వెంట కొబ్బరి తోటలు ఉప్పుకు మోడువారడం దాని ఫలితమే. ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1960లలోనే మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు నీటి సమస్యను పరిశీలించి సిఫార్సులిచ్చింది. ఆ పనుల కోసమే 1968లో డెల్టా భూములపై డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చారు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. నీటి పన్ను విషయంలో ప్రభుత్వం వంతు ఊహించుకోవాల్సి ఉండవచ్చు. సెస్సు విషయంలో ఊహకు చోటే లేదు. ఫలానా పనికని పేరు పెట్టి వేసిన పన్ను అది. ఆ పని ఒకసారి చేస్తే తీరేది కాదు, ఏటా పూడిక తీయాలి. ఏటా జరగలేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను తుడిచిపెట్టినప్పుడు గాలి చేసిన నష్టం ఒక ఎత్తయితే, దిగని నీరు చేసిన నష్టం మరో ఎత్తు.

నీరు వేళకు ఇవ్వడం కూడా దీనికి ముడిపడిన మాటే. సార్వా వరి కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలలే బంగాళాఖాతంలో తుపానుల కాలం. కాలువలకు నీరు ముందే వదిలితే నారుమళ్ళు ముందే పడతాయి, గాలివానకు ముందే పంట ఇంటికొస్తుంది. ఆలస్యమైతే ఆ నష్టమంతా రైతు నెత్తినే. 2010 డిసెంబరు వానలకు డెల్టా పొడుగునా కోసిన పనలు చేలోనే నానాయి. రంగు మారిన ధాన్యాన్ని మిల్లరు తీసుకోనన్నాడు. 2011 తీర్మానాల వెనక ఆ శీతాకాలం ఉంది.

ఇక ధర. 1965లో వ్యవసాయ ధరల కమిషనూ, భారత ఆహార సంస్థా ఒకేసారి పుట్టినప్పుడు రైతుకు చెప్పిన మాట తేలికైనదే: నువ్వు పండించు, ఇంతకు తక్కువకు అమ్ముకోవాల్సిన అవసరం రానివ్వం. 2010-11లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు మద్దతు ధర 1000 రూపాయలు. ఇక్కడి 75 కిలోల బస్తా లెక్కన 750. అది చేతికందిన రైతు తక్కువ. కారణం ఏర్పాటులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు ప్రభుత్వం ధాన్యాన్ని నేరుగా కొన్నది స్వల్పం. మిల్లరు రైతుకు మద్దతు ధర చెల్లించి, ఆడించిన బియ్యంలో 75 శాతం లెవీగా ఇవ్వాలి. అంటే ప్రభుత్వం ఇచ్చిన మాటను నెరవేర్చే పని మిల్లరు చేతికి, అక్కడి నుంచి ఊళ్ళోని కమీషన్ వ్యాపారి చేతికి వెళ్ళింది. మిల్లరు కాగితంలో మద్దతు ధర ఉంటుంది, కళ్ళంలో తేమ, తాలు, రంగు పేరుతో కోత పడుతుంది. (లెవీ పద్ధతిని 2015లో ఎత్తేశారు, అదీ రైతు అడిగినందుకు కాదు.) ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎగుమతుల నిషేధం. బాస్మతియేతర బియ్యాన్ని విదేశాలకు పంపకుండా 2007-08లో తలుపులు మూసిన కేంద్రం 2011 సెప్టెంబరులో గానీ తెరవలేదు. అప్పటికి ఊడ్పుల అదను దాటిపోయింది. నువ్వు వేరే చోట అమ్ముకోకు అన్నవాడు తాను కొనే బాధ్యత నెత్తిన వేసుకున్నట్టే. కొనకపోతే ఆ రెండు మాటల్లో ఒకటి అబద్ధమవుతుంది.

మద్దతు ధర ఒక విధాన ప్రకటన, చట్టబద్ధమైన హామీ కాదు అనే అభ్యంతరం న్యాయవాదుల నుంచి రావచ్చు. అక్షరం ప్రకారం నిజమే. రైతు వరి వేయడం కూడా చట్టబద్ధమైన బాధ్యత కాదు కదా. ఇద్దరూ రాతలో కట్టుబడలేదు గనక ఒకరిని మాత్రమే నిందించడం కుదరదు. ఇక ఒప్పందంగానే చూడదలిస్తే, 1872 కాంట్రాక్టు చట్టం 51వ సెక్షను పరస్పర వాగ్దానాల గురించి చెప్పేది ఇదే: అవతలివాడు తన వంతు చేయడానికి సిద్ధంగా లేనప్పుడు ఇవతలివాడు తన వంతు చేయనక్కరలేదు. పంట విరామం ఆ సూత్రానికి అక్షరాలా సరిపోతుంది. తీర్మానాలు సాగుకు ముందే, డిమాండ్లతో సహా వెలువడ్డాయి. ఆ డిమాండ్లు తీరితే నారు పోస్తామన్నారు. మాట తప్పేవాడు ఇలా ముందుగా నోటీసిచ్చి షరతులు రాసి పెట్టడు.

రైతు కూడా శుద్ధపూస కాదన్నది ఇంకో అభ్యంతరం. దీంట్లో నిజముంది. నీటి పన్ను బకాయిలు పేరుకుపోవడం డెల్టాలో కొత్త కాదు. వరి చేలను చెరువులుగా తవ్వి, రొయ్యకు ఉప్పు నీరు ఎక్కించి, ఆ నీటిని డ్రెయిన్లలోకి వదిలి పక్క చేలను పాడుచేసిందీ, మురుగు కాలువ గట్లను ఆక్రమించిందీ బయటివాళ్ళు కాదు. అయితే ఈ తప్పులు చేసినవాళ్ళూ విరామం పాటించినవాళ్ళూ ఒకరే కానక్కరలేదు. పైగా ఆక్రమణ తొలగించడం, చెరువుకు అనుమతి నిరాకరించడం ప్రభుత్వం చేతిలోని పనులు. పొరుగువాడు చేసిన తప్పును ఆపకుండా, దాన్నే తన వైఫల్యానికి సాకుగా చూపడం ఏ వ్యవహారంలోనూ చెల్లదు.

నా వాదనకు నిజంగా అడ్డొచ్చేది వేరే ఉంది. చేను ఎవరిది, విరామం ఎవరిది? కోనసీమ భూముల్లో పెద్ద భాగాన్ని కౌలు రైతులు సాగు చేస్తారు. యజమానుల్లో చాలామంది కాకినాడలోనో హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉంటారు. కౌలు నోటి మాట మీద నడుస్తుంది, ఎకరాకు ఇన్ని బస్తాలు అని. 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలు రాతలో ఉండాలనీ, కనీసం ఆరేళ్ళు సాగాలనీ చెప్పింది. రాస్తే భూమి పోతుందన్న భయంతో యజమాని రాయడు, రాయమంటే వచ్చే ఏడు చేను ఉండదని కౌలుదారు అడగడు. విరామం ప్రకటించిన సార్వాలో యజమాని ఒక పంట శిస్తు కోల్పోయాడు. కౌలుదారు ఏడాది బతుకు కోల్పోయాడు, ఊడ్పులకూ కోతలకూ వెళ్ళే ఆడవాళ్ళు కూలి కోల్పోయారు. కూలికి సెలవు ఇమ్మని వాళ్ళెవరూ తీర్మానం చేయలేదు. ప్రభుత్వంతో తెగిన ఒప్పందం కోసం రైతులు కూలివాళ్ళతో ఉన్న ఇంకో రాయని ఒప్పందాన్ని తెంచారు. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. కౌలుదారు విషయంలో మాత్రం ఒకటి చెప్పగలను: మద్దతు ధర దక్కకపోతే మొదట మునిగేది అతనే, బస్తాల లెక్కన శిస్తు కొలిచాక మిగిలిన ధాన్యమే అతని కూలీ లాభమూ గనక. విరామంలో కౌలుదారులు కూడా కలిసిరావడం అందుకే విచిత్రం కాదు.

ఆ విరామం మీద ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. రైతులు చెబుతున్న కష్టాలు నిజమేనన్న అంగీకారం ఆ కమిటీ వేయడంలోనే ఉంది. 2012లో చేలు మళ్ళీ పచ్చబడ్డాయి. అదే సమయంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చింది గానీ బ్యాంకులు వాటిని అంతగా పట్టించుకోలేదు. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకం లేకుండా పత్రం ఇవ్వదు. 2022 జూన్‌లో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ముమ్మిడివరం ప్రాంతాల రైతులు మరోసారి పంట విరామం ప్రకటించినప్పుడు కాలువలకు నీరు ఈసారి ముందే, జూన్ 1కే వచ్చింది. ఒక మాట ఆ మేరకు నిలబడింది. డిమాండ్ల జాబితాలో దాళ్వా ధాన్యం బకాయిలు కొత్తగా చేరాయి. డ్రెయిన్ల పూడికా, గుర్రపుడెక్కా, మొగల ఇసుక మేటలూ పాత జాబితా నుంచి అలాగే వచ్చాయి.