కల్లు రేక నుంచి స్ట్రాంగ్ బీరు దాకా: రుచిని ఎవరు నిర్ణయించారు?

తాగుడు మీద మన దగ్గర రాతలకు కొదవ లేదు. సంస్కర్తలు రాశారు, గాంధేయవాదులు రాశారు, ఎక్సైజు శాఖ ఏటా లెక్కలు రాస్తూనే ఉంది. ఈ రాతలన్నిట్లో దళితుడు తాగుబోతుగానే కనిపిస్తాడు గానీ రుచి తెలిసిన మనిషిగా ఎక్కడా కనిపించడు. రుచి పై కులాల సొత్తు, మైకం కింది కులాల రోగం అన్నట్టుగా ఈ విభజన సాగింది. మన దేశంలో బీరు రుచి ఎట్లా మారింది, ఇకముందు ఎటు పోబోతోంది అనే ప్రశ్నను పబ్బులో కూర్చొని కాకుండా గూడెం వైపు నుంచి అడగటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా తాత కల్లు తాగేవాడు. మండువాలో గౌడాయన లొట్టి వంచితే కింద గొంతుక్కూచొని తాటాకు రేక పట్టి తాగేవాడు. తక్కిన కులాలకు ముంతలుండేవి, మావాళ్లకు ఆకే. మా నాయన కాలానికి సారా ప్యాకెట్ వచ్చింది. మా అన్న స్ట్రాంగ్ బీరు తాగుతాడు. బీరే ఎందుకని ఒకసారి అడిగితే "సల్లగుంటది, సీల్ ఉంటది" అన్నాడు. ఆ రెండో మాట నన్ను చాలాకాలం వదల్లేదు. సీలు వేసిన సీసాకు పైనుంచి పొయ్యటం లేదు, కింద ఆకు పట్టటం లేదు. ఎవరి సీసా వాళ్లది. మార్కెట్ సర్వేలు చేసేవాళ్లు బీరు వాడకం పెరగటానికి ఎండలనీ, ఆదాయాలనీ, కుర్రకారు జనాభానీ కారణాలుగా చెబుతారు. రేక పట్టి తాగిన కుటుంబంలో సీసాకు ఏం అర్థముందో వాళ్ల ప్రశ్నావళిలో ఉండదు.

ధాన్యాన్ని పులియబెట్టి తాగటం ఈ నేలకు తెల్లవాడు నేర్పిన విద్య కాదు. మనుస్మృతి సురలో మూడు రకాలు చెప్పి, అది ధాన్యపు మలినమనీ ద్విజులు ముట్టరాదనీ శాసించింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. ఒక గ్రంథం మలినమంది, ఇంకోటి దాని మీద ఆదాయం లెక్కగట్టింది. ఈ రెండు చూపులూ పొసగనివిగా కనబడతాయి గానీ చరిత్రలో రెండూ కలిసే పనిచేశాయి. ద్విజుడు ముట్టరాని సరుకు మీద వచ్చే పన్ను మాత్రం ఏ ఖజానాకూ అంటలేదు.

ఇవాళ మనం బీరు అంటున్నది, అంటే బార్లీ మొలకలతో, హాప్స్ పూలతో కాచేది, తెల్ల సిపాయిల వెంట వచ్చింది. హైదరాబాదు పబ్బుల్లో ఇప్పుడు గొప్పగా అమ్మే 'ఇండియా పేల్ ఏల్'లో ఇండియా పేరైతే ఉంది గానీ, ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చిన ఆ బీరు ఇక్కడి తెల్లవాళ్ల కోసం. 19వ శతాబ్దం నడిమికి కసౌలీ కొండల్లో డయ్యర్ బ్రూవరీ నడిచింది. దక్షిణాదిలో చిన్న బ్రూవరీలను కలిపి 1915లో థామస్ లీష్‌మన్ యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. దాని బీరు పీపాల్లో, ఎడ్లబండ్ల మీద దండు బజార్లకు పోయేది. అప్పటికే 1886 మద్రాసు అబ్కారీ చట్టం కల్లు గీతను, సారా బట్టీని లైసెన్సు కిందికి తెచ్చింది. ఒకటి 'దేశీ', ఇంకోటి 'విదేశీ' అని సర్కారు కాగితాల్లో పడ్డ ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. ఇక్కడే వండి ఇక్కడే తాగేదాన్ని కూడా 'ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్' అనటంలోని వింత మనకు అలవాటైపోయింది.

ఇక్కడ ఒక మామూలు సంగతి గుర్తుచెయ్యాలి. కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. పులియబెట్టిన ధాన్యపు తాగుళ్లూ అంతే, నాలుగు దినాలు ఆగవు. నిల్వ ఉండనిదాన్ని గోదాములో పెట్టలేరు, లేబుల్ అంటించలేరు, ఊరు దాటించి పన్ను పట్టటం కష్టం. రాజ్యానికీ కంపెనీకీ నిల్వ ఉండే సరుకు కావాలి. పుల్లటి, పలచటి, తాజా తాగుడు వెనక్కిపోయి కాచిన, వడబోసిన, సీలేసిన తాగుడు ముందుకు రావటానికి నాలుక మారటం ఒక్కటే కారణం కాదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. జొన్నను మనం కలి నీళ్లు పోసి అంబలి కాచుకున్నాం. దక్షిణాఫ్రికా నల్లజాతి ఆడవాళ్లు అదే జొన్నను మొలకెత్తించి, పులియబెట్టి బీరు చేసుకున్నారు. పల్చని మైకం, పుల్లని రుచి, సగం తిండి సగం తాగుడు. 1908లో నటాల్ చట్టం ఆ బీరు మీద గుత్తహక్కు మునిసిపాలిటీలకు ఇచ్చింది. 1909 నుంచి డర్బన్ నగరం బీరు హాళ్లు పెట్టి నల్లవాళ్లకు వాళ్ల బీరే అమ్మి, ఆ డబ్బుతోనే వాళ్లమీద పాలన నడిపింది. ఇంట్లో చేసుకున్న ఆడదాని కుండలు మాత్రం పోలీసులు పగలగొట్టారు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో పోయిన మన కూలీల వారసులు కూడా ఆ నగరంలోనే ఉన్నారు. 1929లో బీరు హాళ్ల బహిష్కరణ జరిగింది, 1959లో కేటో మేనర్ ఆడవాళ్లు బీరు హాళ్ల మీదికి పోయారు, 1976లో సొవెటో పిల్లలు వాటిని తగలబెట్టారు. తెల్లవాళ్ల సీసా బీరు కొనుక్కునే హక్కు నల్లవాళ్లకు 1962లో గానీ రాలేదు. వచ్చాక జనం దానివైపే మళ్లారు. నిషేధించిన సీసా సమానత్వానికి గుర్తులా కనబడటం సహజం. మా అన్న చెప్పిన 'సీల్' మాట నాకు మళ్లీ ఇక్కడ వినబడింది.

అక్కడ 1895లో పుట్టిన సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ 2000లో మన దేశానికి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే నాకౌట్, హేవర్డ్స్ 5000 దాని చేతికొచ్చాయి. 2016లో ఆ కంపెనీని ఏబీ ఇన్‌బెవ్ మింగింది.

ఈలోగా మన దగ్గర ఏం జరిగింది? 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో ఇంటిముందుకు తెచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు. కూలి డబ్బులు సారాకు పోతే పొయ్యి వెలగని ఇళ్ల ఆడవాళ్లు. ఆ ఉద్యమాన్ని మధ్యతరగతి నీతిబోధగా చూసేవాళ్లకు నేను ఒప్పుకోను, అది కూలి డబ్బు మీద హక్కు కోసం జరిగిన పోరాటం. 1993 అక్టోబరు 1 నుంచి సారా రద్దయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఎత్తేసింది దేనికి? విస్కీ, బ్రాందీ, బీర్లకు. సారా మీద నిషేధం అట్లాగే ఉంది. అంటే తాగుడు పోలేదు, పేదవాడి తాగుడు పోయి దాని స్థానంలో ఖరీదైనది వచ్చింది. అంబేడ్కర్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ 1951 ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధాన్ని వ్యతిరేకించాడు. నిషేధంతో సారా ఇళ్లలోకే వచ్చి ఆడవాళ్లకూ పిల్లలకూ చేరుతుందన్నది అందులో ఒక కారణం. గుడుంబా ముంచిన తండాలను చూసినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు.

ఇక స్ట్రాంగ్ బీరు. మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఐదింట నాలుగు వంతులకు పైగా స్ట్రాంగే. ప్రమాణాల ప్రకారం 5 శాతం దాకా ఆల్కహాలుంటే మామూలు బీరు, 5 నుంచి 8 దాకా స్ట్రాంగ్. భారతీయులకు నాలుక మొద్దు, రుచి తెలియదు, మైకమే కావాలి అని రాసే పెద్దమనుషులున్నారు. లెక్క చూద్దాం. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతమైతే 32.5 మిల్లీలీటర్ల ఆల్కహాలు, 8 శాతమైతే 52. చాలా రాష్ట్రాల్లో పన్ను ప్రధానంగా సీసా మీద, పరిమాణం మీద పడుతుంది గానీ లోపలి ఆల్కహాలు మీద కాదు. కాబట్టి రెండు సీసాల ధరల్లో తేడా కొంచెమే. రోజు కూలీ చేసేవాడు ఏది కొంటాడు? 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 77 మిల్లీలీటర్ల ఆల్కహాలుంటుంది. వాడు దానితో కూడా పోల్చుకుంటాడు. మైకం మీద కాక నీళ్ల మీద పన్ను వేసిన సర్కారు చిక్కటి బీరును తానే తయారుచేసింది. చక్కెర, బియ్యం, మక్కలు కలిపి బలం పెంచి, ఆ తీపినీ మంటనీ ఐసు చల్లదనం కింద దాచే ఒక రకం బీరు అట్లా పుట్టింది.

రేపటి రుచి కూడా ఇట్లాగే వస్తుంది. నైజీరియా 1988లో బార్లీ దిగుమతి ఆపితే అక్కడి కంపెనీలు జొన్నకు మారాయి, జనం ఆ బీరే తాగారు. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాయి. గోధుమ బీర్లు, నల్ల బీర్లు మొదట వచ్చాయి. ఇప్పుడు పుల్లటి బీరు, తక్కువ మైకం బీరు, మైకమే లేని బీరు, చిరుధాన్యాల బీరు అంటున్నారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక ఈ మాట ఇంకా ఎక్కువైంది. జొన్న మొలకలో పిండిని చక్కెరగా మార్చే శక్తి బార్లీ అంత ఉండదు, దాని పిండి ఉడకటానికి వేడి కూడా ఎక్కువ కావాలి. కాబట్టి పని కష్టమే, కానీ అసాధ్యం కాదు. పులుపు, పలచదనం, జొన్న వాసన: అంబలి తాగినవాళ్లను ఎగతాళి చేసిన రుచులే అద్దాల గ్లాసుల్లోకి ఎక్కుతున్నాయి.

సంగారెడ్డి జిల్లాలోనే పెద్ద బీరు ఫ్యాక్టరీలున్నాయి. అదే జిల్లా జహీరాబాదు చుట్టూ డీడీఎస్ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, జొన్న, కొర్ర, సామ విత్తనాలను దశాబ్దాలుగా దాచి కాపాడారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. రేపు జొన్న బీరు నిలదొక్కుకుంటే వాళ్ల వంతు ఏమిటి? గింజ అమ్మటం దాకానేనా? ఎక్సైజు చట్టం 1968 నాటిది. ఆ సంఘపు ఆడమనిషి కుండలో జొన్న మొలక పులియబెట్టి అమ్మితే అది నేరం. పబ్బువాడు స్టీలు ట్యాంకులో పులియబెడితే వ్యాపారం.

2021లో తెలంగాణ మద్యం దుకాణాల్లో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2023లో 2,620 దుకాణాలకు దరఖాస్తు రుసుమే 2 లక్షలు, లాటరీలో రాకపోయినా తిరిగిరాదు. ఏడాది లైసెన్సు ఫీజు 50 లక్షల నుంచి మొదలు. కూలినాలి చేసే మాదిగ ఇంట్లో ఆ డబ్బు ఎక్కడిది? పేరు మనది, పెట్టుబడి వేరేవాళ్లది అనే మాట ఊళ్లలో వినపడేది అందుకే. పైగా ఇది అమ్మటంలో వాటా. చెయ్యటంలో వాటా గురించి ఇంతవరకు ఏ పార్టీ మాట్లాడలేదు.

2025 ఫిబ్రవరిలో తెలంగాణలో బీరు ధర 15 శాతం పెరిగింది. మా అన్న ఆ నెలే క్వార్టర్‌కు మారిండు. రుచి మారిందా అని అడిగితే నవ్విండు. ఎండాకాలంల మళ్ల బీరు తీస్కుంట, ఎన్నడన్న అన్నడు.