మదనపల్లె లెక్క

క్షయరోగమునకై కనిపెట్టిన టీకా పుట్టకురుపునకు మందైన వృత్తాంతము వైద్యచరిత్రలో మిగుల వింతయైనది. అందొక యధ్యాయము మన మదనపల్లె ప్రాంతమునందే జరిగినది. అంగళ్లు, పుంగనూరు, కుప్పము మొదలగు తావుల చదువరులలో సయితము దీనిని ఎఱిగినవారు మిక్కిలి తక్కువ.

1908 మొదలుకొని లిల్ నగరమున కాల్మెట్, గెరెన్ అను ఫ్రెంచి పండితు లిరువురు పశువులకు క్షయ గలిగించు సూక్ష్మజీవిని, పైత్యరసమును గ్లిసరినును పట్టించిన బంగాళాదుంప ముక్కలపై పెంచుచు, మూడేసి వారముల కొకమాఱు క్రొత్తముక్కకు మార్చుచు వచ్చిరి. పదుమూడేండ్లలో 230 మార్పులు జరిగెను. సూక్ష్మజీవి బ్రదికియే యుండెను గాని రోగము పుట్టించు శక్తి నశించెను. 1921లో పారిసున దానిని ఒక శిశువునకు తొలుత నిచ్చిరి. అదియే బి.సి.జి. 1930లో జర్మనీలోని లూబెక్ పట్టణమున ఈ టీకాలో నిజమైన క్షయక్రిములు కలిసిపోగా డెబ్బదిమందికి పైగా పసిబిడ్డలు మరణించిరి. దోషము ప్రయోగశాలవారి అజాగ్రత్తదే. అయినను టీకాకు వచ్చిన అపకీర్తి చాలకాలము పోలేదు.

మదనపల్లెకు సమీపమున 1915లో క్రైస్తవ మిషనులు కొన్ని కలిసి క్షయరోగులకు ఆసుపత్రి తెఱచినవి. డెన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రీమాట్ మొల్లర్ దానికి తొలి అధికారి. ఆ తావునకు ఆరోగ్యవరమని పేరు వచ్చినది. ఆనాడు క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిను 1943లో గాని దొరకలేదు. పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స. 1948లో మన దేశమున బి.సి.జి. మొదట వేసిన తావులలో మదనపల్లె యొకటి. ఆ యేడే మద్రాసు గిండీలో టీకాను తయారుచేయు ప్రయోగశాల వెలసెను.

టీకా వేయుట ఒకటి, అది పనిచేసినదో లేదో తెలిసికొనుట మఱియొకటి. క్రిస్టియన్ కుమారుడైన యోహన్నెస్ ఫ్రీమాట్ మొల్లర్ 1950 నుండి ఈ రెండవ పనికి పూనుకొనెను. చుట్టుపట్ల గ్రామములలో ఇంటింటికి తిరిగి, చర్మపరీక్షవలన క్షయక్రిమి సోకలేదని తేలినవారిని ఏర్పఱిచి, వరుసగా ఒకరికి టీకా వేయుచు, వేఱొకరిని విడిచిరి. సగముమందికి వేయకుండుట అన్యాయము గాదా యని గృహిణులు కొంద ఱడుగవచ్చును. మేలు చేయునని రూఢిగా తెలిసినయెడల అన్యాయమే. ఆ సంగతి తేలుటకే గదా ఆ శ్రమ! అప్పటికి శంకించినవారు సామాన్యులా? రాజగోపాలాచారిగారంతటివారు 1955లో ఈ టీకాను తా నేల వ్యతిరేకించుచున్నదియు పుస్తకముగా ప్రకటించిరి.

1973లో వెలువడిన లెక్క యిది. టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చెను. ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే తగ్గినది. ఇంగ్లండులో జరిపిన పరీక్షలోనో, టీకా పొందిన 13,598 మందిలో 62, పొందని 12,867 మందిలో 248. అక్కడ మూడువంతులకు పైగా రక్షణ, ఇక్కడ నామమాత్రము! పిదప చెంగల్పట్టు జిల్లాలో జరిపిన మహాపరీక్ష ఫలితము 1980లో వచ్చినది: ఇరుపక్షముల 88,391 మంది చొప్పున లెక్కింపగా, టీకా పొందినవారిలో 505, పొందనివారిలో 499. ఉష్ణదేశపు మట్టియందును నీటియందును ఉండు క్షయక్రిమి జ్ఞాతులు ముందే మన దేహమునకు పరిచయమగుటవలన టీకా క్రొత్తగా చేయునది తక్కువయని పలువురి ఊహ. పసిబిడ్డలకు మెదడుపొరల క్షయ రాకుండ అది కాపాడుననుట మాత్రము స్థిరపడినది. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు. నచ్చని ఫలితమును దాచక ప్రకటించిన మొల్లర్ మొదలగువారి నిజాయితీని నేను టీకాకంటెను గొప్పదిగా నెంతును.

ఇక పుట్టకురుపు మాట. 1891లోనే న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియమ్ కోలీ రోగి దేహమున సూక్ష్మజీవుల నెక్కించి, జ్వరము పుట్టించి, కంతులను కరగించుటకు యత్నించెను. 1959లో లాయిడ్ ఓల్డ్ మున్నగువారు బి.సి.జి. ఇచ్చిన ఎలుకలు కంతులను ఎదిరించుటను చూపిరి. 1976లో కెనడాలో మోరాలిస్ అను వైద్యుడు తొమ్మండుగురు రోగుల మూత్రాశయమునందు బి.సి.జి.ని వారమున కొకమాఱు ఆఱు వారములు నింపెను. కంతులు మరల పుట్టుట మిక్కిలి తగ్గెను. సూక్ష్మజీవిని చూచి రక్షకకణములు గుంపుగా చేరి, ఆ పొరలోని చెడుకణములను కూడ హతమార్చును. లోపలి కండరమువఱకు దిగిన పుట్టకురుపునకు ఇది చాలదు. 1990లో అమెరికా ప్రభుత్వ మీ చికిత్స నంగీకరించెను.

మన పెరటి బిళ్ళగన్నేరు కథయు ఇట్టిదే. మధుమేహమునకు మందని జమైకాలో వాడుచుండగా, ఆ యాకులు 1952లో కెనడాలోని రాబర్ట్ నోబుల్‌కు చేరినవి. ఎలుకలకు త్రాగించిన రక్తములోని చక్కెర తగ్గలేదు; సూదితో ఎక్కించిన తెల్లకణములు తఱిగి అవి చచ్చినవి. తెల్లకణములు విపరీతముగా పెరుగు రోగమున కిదియే మందు గాదా యని నోబుల్, బీర్ అనువారు తలచిరి. 1958 నాటికి విన్‌బ్లాస్టిను బయటపడినది. దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిను నేటికిని బిడ్డల రక్తపు పుట్టకురుపునకు వాడుచున్నారు. ఇంట కషాయము కాచి త్రాగినచో ఈ ఫలము రాదు, ప్రాణాపాయము రావచ్చును. గుట్టలకొలది యెండుటాకులనుండి చిటికెడంత మందు తీసి, తూచి, నరములోని కెక్కింతురు.