రథసప్తమి తర్వాత ట్రంకుపెట్టె

మా అమ్మమ్మ ట్రంకుపెట్టె మూత ఎత్తితే ముందు వాసన వచ్చేది. బట్టలు తర్వాత కనబడేవి. ఎండిన వేపాకు, వట్టివేళ్ళు, ఆ రెండిటినీ అణిచేస్తూ కలరా ఉండలు. గోదావరి పక్క పల్లెలో పెరిగిన నాకు చలికాలం వెళ్ళిపోవడమంటే ఆ వాసనే.

రథసప్తమి దాటి ఎండ కాస్త ముదిరాక ఒక మధ్యాహ్నం అమ్మమ్మ, అమ్మ, పిన్ని వసారాలో చాప పరిచి కూర్చునేవాళ్ళు. రగ్గులు, మామయ్యల స్వెటర్లు, పిల్లల మంకీ క్యాపులు ఎండలోకి, పట్టుచీరలు నీడపట్టుకి. పట్టు ఎండకి రంగు దిగిపోతుంది. ప్రతి చీరా విప్పి, పాత గీత మీద కాకుండా కొత్త మడత వెయ్యాలి. లేకపోతే జరీ అక్కడే విరిగి చీర చీలుతుంది. గంజి పూర్తిగా వదిలించని నూలుబట్టని అమ్మమ్మ పెట్టెలోకి రానిచ్చేది కాదు. పెట్టెల్లో తిరిగే వెండిరంగు పురుగు గంజి కోసమే వస్తుందని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆవిడ ఏమీ చదవలేదు. మళ్ళీ మార్గశిరంలో మామయ్య “నా స్వెటరేదీ?” అని కేకేస్తే, అది మడత నలగకుండా చేతికొచ్చేది. ఈ పనికి మా ఇంట్లో పేరు కూడా లేదు. వంటకీ, వాకిలికీ ఉన్న పేరైనా లేదు.

ఇంటి దస్తావేజులు భోషాణంలో ఉండేవి. దాని తాళం మగవాళ్ళది. ఆడవాళ్ళకి ట్రంకుపెట్టె. మా ప్రాంతంలో ఆడపిల్లకి ఉమ్మడి పొలంలో కొడుకుతో సమానంగా వాటా అన్న మాట చట్టంలోకి వచ్చింది 1985 తర్వాతే. ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి హక్కు ఇచ్చింది. అంతకు ముందే పెళ్ళిళ్ళయిపోయిన వాళ్ళకి అదీ లేదు. అమ్మమ్మకి ‘నాది’ అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ రేకుపెట్టే, అందులో అడుగున ఒక చిలకపచ్చ పట్టుచీర. ఎర్రంచు, మామిడిపిందెల జరీ.

తాతయ్య 1951లో పోయారు. అప్పటికి అమ్మమ్మకి ఇరవైతొమ్మిదేళ్ళు. వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి డెబ్బై ఏళ్ళు. ఆ గాలి గోదావరి దాటి మా ఊరిదాకా రాలేదు. రంగుచీరలన్నీ చెల్లెళ్ళకీ, ఆడపడుచులకీ పంచేశారట. పచ్చచీర ఒక్కటి ఆవిడ ఎలా దాచుకుందో అమ్మకీ తెలీదు. ఏటా దాన్ని తీసేది, నీడలో ఆరేసేది, కొత్త మడత పెట్టి మళ్ళీ అడుగున పెట్టేది. నాకు పదేళ్ళున్నప్పుడు “నువ్వు కట్టుకోవేం అమ్మమ్మా?” అని అడిగాను. “దాని కాలం అయిపోయిందే” అంది. రగ్గుల కాలం అయితే ఏటా తిరిగొచ్చేది కదా అని నాకు అర్థం కాలేదు.

1984లో నా కొడుకు పుట్టాడు. పొత్తిగుడ్డలకి అమ్మమ్మ తన పెట్టెలోంచి మెత్తబడ్డ పాత నూలుచీరలు తీసి చింపి పంపింది. మూడోనాటికి బిడ్డ పసుపుముద్ద అయిపోయాడు. రక్తం మార్చాల్సి వచ్చింది. డాక్టరమ్మ పొత్తిగుడ్డలు వాసన చూసి, “వీటిలో కలరా ఉండలు వేశారా?” అని అడిగింది. కలరా ఉండలంటే నాఫ్తలీన్, రాతిబొగ్గు తారులోంచి తీసే పదార్థం. జి-6-పి-డి అనే ఎంజైము తక్కువున్న పసిబిడ్డలకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపం ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది, వాళ్ళకి వచ్చేది తల్లి నుంచి. ఇక చూడండి! గుడ్డలు పంపింది అమ్మమ్మ, లోపం ఇచ్చింది నేను. మా అత్తవారింట్లో ఆ నెలంతా ఇదే మాట. ఆ ఉండల్ని ‘పురుగు పట్టదు’ అని ఏ జాగ్రత్తా చెప్పకుండా పొట్లాలు కట్టి అమ్మినవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు. నాకు మరీ బాధనిపించేది ఏమిటంటే, బట్టలపురుగు ఉన్నినీ, పట్టునీ తింటుంది గానీ శుభ్రమైన నూలుజోలికి రాదు. ఆ చీరలకి ఉండల అవసరమే లేదు. యూరప్‌లో 2008లో వీటి అమ్మకం ఆపేశారు. మన బజార్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి.

బిడ్డ దక్కాడు. సంగతి తెలిసిన రోజున అమ్మమ్మ పెట్టె మొత్తం వాకిట్లో బోర్లించి, ఉండలన్నీ ఏరి గొయ్యితీసి పూడ్చిందట. తర్వాత పెట్టెలో వేపాకే.

అప్పటికి నా పెళ్ళిచీరలు నా దగ్గర లేవు. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇనపబీరువా నాతోపాటు వచ్చింది, తాళాలగుత్తి మాత్రం మా అత్తగారి బొడ్డున ఉండేది. శ్రావణమాసంలో ఏ చీర కట్టుకోవాలో అడిగి తీసుకునేదాన్ని. ఆవిడని ఒక్కదాన్నే తప్పుపట్టలేను. తన అత్త పోయాకే ఆవిడకీ గుత్తి దక్కింది. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం మెట్టినింట కాలు పెట్టగానే ఉమ్మడి సొత్తు అయిపోదనీ, తిరిగివ్వకపోతే అది నమ్మకద్రోహం నేరమనీ చెప్పింది. ఆ వార్త నేను పేపర్లో చదివాను. చదివి మడిచి పెట్టాను. గుత్తి అడగడానికి నాకు ఇంకో ఆరేళ్ళు పట్టింది.

అమ్మమ్మ 1996లో పోయింది. పంపకాల్లో ట్రంకుపెట్టె ఎవరూ అడగలేదు కాబట్టి నాకు వచ్చింది. మధ్యలో ఒకసారి పాత జరీ కొనే అతను వచ్చి, పచ్చచీర అంచుని గోటితో గీకి చూసి, వెండి బాగానే ఉంది, కాల్చి తీస్తే డబ్బులొస్తాయన్నాడు. పంపేశాను.

ఈసారి రథసప్తమి వెళ్ళాక తీశాను. కొత్త మడత వెయ్యడానికి చీరలో చోటు మిగల్లేదు. ఎక్కడ మడిచినా ఏదో ఒక గీత మీదే పడుతోంది. మడవకుండా, ఉతికిన నూలుపంచెతో కలిపి చుట్టలా చుట్టాను. మా అబ్బాయి పెట్టెని అటక మీదికి ఎక్కిస్తూ, “దీని తాళం ఎక్కడమ్మా?” అన్నాడు. నాకు తెలిసి దానికెప్పుడూ తాళం లేదు.