సర్వరులకు దీర్ఘకాల రక్షణ: డెబియన్ విధానం

చెరువు కట్టకు బుంగ పడితే రైతు కొత్త చెరువు తవ్వించడు. బుంగను పూడ్చి కట్టను గట్టిపరుస్తాడు. సర్వరుల సంరక్షణకూ ఇదే మూలసూత్రం. ఒకేసారి అనేకులకు సమాచారాన్ని అందించే కంప్యూటరును సర్వరు అంటారు. పరీక్షా ఫలితాలైనా, బ్యాంకు ఖాతా వివరాలైనా ఏదో ఒక సర్వరు నుండి మనకు చేరేవే.

సర్వరులను నడిపే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో డెబియన్ ఒకటి. ఇయాన్ మర్డాక్ 1993లో దీనికి శ్రీకారం చుట్టారు. పలు దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని తీర్చిదిద్దుతున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

సుమారు రెండేళ్ళకొకసారి 'స్టేబుల్' అనే స్థిరమైన వెర్షన్ వెలువడుతుంది. ఆ తరువాత సాధారణంగా అందులోని ప్రోగ్రాములను కొత్తవాటితో మార్చరు. భద్రతా లోపం బయటపడితే, దానిని సరిచేసే భాగాన్ని మాత్రమే పాత ప్రోగ్రాములో చేరుస్తారు. అందువలన నడుస్తున్న పనికి అంతరాయం స్వల్పం.

ఈ నిదానం వలన కలిగే మేలు 2024లో స్పష్టమైంది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాములో రహస్యంగా దొంగదారి అమర్చబడింది. సర్వరులో ప్రవేశించడానికి సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని గమనించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కారణం వెదికి, మార్చి 29న దానిని బయటపెట్టారు. అది డెబియన్ పరీక్షా దశలోని వెర్షన్‌లకు చేరినది గాని స్టేబుల్‌లోకి రాలేదు.

ప్రతి వెర్షన్‌కూ ఆయుర్దాయం ఉంటుంది. సుమారు మూడేళ్ళు డెబియన్ భద్రతా బృందం మరమ్మతులు చేస్తుంది. పిదప 'ఎల్‌టీఎస్' అనే దీర్ఘకాల సేవా బృందం మొత్తం ఐదేళ్ళు నిండే వరకు ఆ భారం వహిస్తుంది. ఈ సేవ 2014లో 6వ వెర్షన్‌తో ఆరంభమైంది. 2011లో వెలువడిన ఆ వెర్షన్ ఇన్‌స్టాలేషన్ తెరలలోనే తెలుగు, కన్నడ భాషలు రెండూ కొత్తగా చేరడం సరిహద్దు వాసులమైన మనకు ముచ్చట గొలిపే విషయం. 2023 జూన్ 10న వెలువడిన 12వ వెర్షన్‌కు 2028 జూన్ వరకు గడువు నిర్ణయించారు.

గడువు మారిన సందర్భాలూ లేకపోలేదు. సెంటాస్ అనే మరో సిస్టమ్ 8వ వెర్షన్‌కు 2029 వరకు రక్షణ ఉంటుందని వాడుకరులు భావించారు. 2020 డిసెంబరులో వచ్చిన ప్రకటనతో అది 2021 చివరికే ముగిసింది.

కనుక సర్వరు బాధ్యత వహించే యువతీయువకులు నాలుగు నియమాలు పాటించాలి. 'ఆప్ట్ అప్‌డేట్', 'ఆప్ట్ అప్‌గ్రేడ్' ఆదేశాలతో మరమ్మతులను ఎప్పటికప్పుడు తెచ్చుకోవాలి. కెర్నెల్ మారినప్పుడు యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. సమాచారానికి నకలు వేరొక చోట భద్రపరచాలి. వెర్షన్ మార్చేటప్పుడు మధ్యలో దేనినీ దాటవేయక ఒక్కొక్క మెట్టే ఎక్కాలి.

గడువు తీరిన సర్వరు ఆగిపోదు, నిన్నటివలెనే నడుస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. బుంగ కంటికి కనబడదు, పూడ్చేవారు ఉండరు. అందుచేత సర్వరును అమర్చిన నాడే దాని గడువు తేదీని అందరికీ కనబడేలా రాసి ఉంచడం వివేకవంతుల లక్షణం.