బాగే ఆమ్ నుంచి జూపార్కు దాకా: హైదరాబాద్ నగరంలో బాలల విహారస్థలాల చరిత్ర

వ్యాస సంగ్రహం:
హైదరాబాద్ చరిత్ర రచనలో కోటలకు, దేవిడీలకు, చెరువులకు, ఉద్యమాలకు దక్కిన చోటు పిల్లల విహారానికి దక్కలేదు. 20వ శతాబ్దిలో నాంపల్లి పరిసరాలలో ఒక్కచోట చేరిన బాలల వినోదస్థలాలు క్రమంగా నగరం నలుమూలలకు, ఆపై శివార్లకు తరలిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థలాల సంఖ్య పెరిగిన కొద్దీ వాటిని చేరే దారి కూడా పెరిగిందని, నగర బాల్య చరిత్రలో ఈ దారే ముఖ్యాంశమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాగే ఆమ్, నుమాయిష్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, బాలభవన్, నగర చరిత్ర, బాల్యం.

ప్రవేశిక:

2024 మార్చిలో హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలో చాణక్య అనే పెద్ద తాబేలు మరణించింది. దాని వయస్సు సుమారు 125 ఏళ్లని జూ అధికారులు అంచనా వేశారు. పత్రికలు ఆ వయస్సును ప్రముఖంగా ప్రకటించాయి. చరిత్ర విద్యార్థికి అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. ఆ తాబేలు 1963లో బాగే ఆమ్ నుంచి, అంటే నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ నుంచి, కొత్త జూపార్కుకు తరలివచ్చింది. నిజాం కాలపు తోటలో దానిని చూసిన పిల్లలే తాతలై, బహదూర్‌పురాలో అదే తాబేలును మనవలకు చూపించి ఉండవచ్చు. నగరంలోని పిల్లల వినోదం ఒక చోటి నుంచి మరొక చోటికి మారిన కథకు ఇంతకంటే మంచి సాక్షి దొరకదు. అది మాట్లాడే సాక్షి కాదు, అంతే.

ఆధారాల సమస్య:

బాల్య చరిత్రకు ఆధారాలు తక్కువ. పిల్లలు దస్తావేజులు రాయరు. వారు ఎక్కడికి వెళ్లారో, ఏమి చూసి నవ్వారో, దేనికి భయపడ్డారో పెద్దల ఆత్మకథలలో ఒకటి రెండు వాక్యాలుగా మాత్రమే మిగులుతుంది. ప్రభుత్వ రికార్డులలో తోట విస్తీర్ణం, కట్టడానికైన ఖర్చు, ప్రారంభకుల పేర్లు ఉంటాయి. అందులో పిల్లవాడు కనిపించే చోటు దాదాపు ఒక్కటే: ప్రవేశ రుసుము పట్టికలో ‘పెద్దలు’ అన్న మాట కింద ఉండే ‘పిల్లలు’ అన్న మాట. ఆ సగం టికెట్టు కూడా చారిత్రక పత్రమేనని నా అభిప్రాయం. పిల్లవాణ్ణి పెద్దల వెంట వచ్చినవాడిగా కాక, లెక్కలోకి వచ్చే సందర్శకుడిగా నగరం గుర్తించిందని చెప్పే ఆధారం అదే.

టికెట్టు ఉన్న చోట లెక్క మిగిలింది. టికెట్టు లేని తోటలో ఎందరు ఆడుకున్నదీ ఎక్కడా నమోదు కాలేదు. పరిశోధకుడు లెక్కలున్న చోటికే వెళ్తాడు గనుక, ఉచితంగా అందిన ఆనందం చరిత్రకు అందకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ వ్యాసంలో పబ్లిక్ గార్డెన్స్‌కు ఎక్కువ స్థలం కేటాయించడానికి ఇదొక కారణం.

నాంపల్లి - నడక దూరంలో ఒక లోకం:

‘బాగే ఆమ్’ అంటే అందరి తోట. దొరల తోటలకు, దేవిడీల లోపలి తోటలకు పేరు గడించిన నగరంలో ‘ఆమ్’ అన్న మాటకు బరువుంది. ఈ తోట ఆవరణలోనే 1905లో టౌన్‌హాలుకు పునాది పడింది. 1913లో పూర్తయిన ఆ భవనమే తరువాతి కాలంలో శాసనసభ అయింది. పబ్లిక్ గార్డెన్స్ గురించి రాసినవారిలో ఎక్కువమంది ఈ భవనం దగ్గరే ఆగిపోతారు. పిల్లలు మాత్రం అక్కడ ఆగలేదు. వారికి తోటలోని జంతువులు ముఖ్యం.

1930లో ఇదే తోటలో హైదరాబాద్ మ్యూజియం ప్రారంభమైంది. శిల్పాలు, నాణేలు, కుడ్యచిత్రాల నకళ్లు పెద్దలను ఆకర్షిస్తే, పిల్లల కాళ్లు నేరుగా ఈజిప్టు మమ్మీ వైపు నడిచేవి. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని కొని ఏడవ నిజాంకు కానుకగా ఇవ్వగా, ఆయన మ్యూజియానికి అప్పగించారు. నైషు అనే రాకుమారిదిగా చెప్పే ఆ దేహం ముందు చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడిన పిల్లలు ఎన్ని తరాల వారో! భయం కూడా వినోదంలో భాగమేనని పెద్దలు మరిచిపోతారు గానీ పిల్లలకు తెలుసు.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో, ‘నుమాయిష్ మస్నుఆతే ముల్కీ’ అన్న పేరుతో, స్వదేశీ వస్తువుల ప్రదర్శన ఈ తోటలోనే మొదలైంది. ఆనాడు పది రోజులపాటు, కొద్ది దుకాణాలతో సాగిన ఆ ప్రదర్శన 1946లో అక్కడికి దగ్గరలోనే ఉన్న ప్రస్తుత ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. 1947, 48 సంవత్సరాల కల్లోలంలో ఆగిపోయి, 1949లో రాజాజీ చేతుల మీదుగా మళ్లీ ప్రారంభమైంది. ఈనాడు జనవరి 1 నుంచి ఒకటిన్నర నెలలపాటు సాగే అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన ఇదే.

నుమాయిష్ ఉద్దేశం పరిశ్రమల ప్రోత్సాహం. పిల్లల వినోదం దాని ప్రకటిత లక్ష్యాలలో లేదు. అయినా నగరంలో ‘ఎగ్జిబిషన్’ అనగానే పిల్లలకు తోచేవి రంగులరాట్నం, బుల్లి రైలు, మృత్యుకూపంలో తిరిగే మోటారు సైకిలు. ఇక్కడ ‘మహిళా దినం’ సంప్రదాయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఆ రోజు ప్రవేశం స్త్రీలకూ, వారి వెంట వచ్చే పిల్లలకూ మాత్రమే. పరదా పద్ధతి బలంగా ఉన్న ఇళ్ల తల్లులకు ఇది బయటి లోకంలో స్వేచ్ఛగా తిరిగే అరుదైన అవకాశం. పిల్లవాడి విహారచరిత్రను తల్లి విహారచరిత్ర నుంచి విడదీసి చూడలేమనడానికి ఈ రోజే నిదర్శనం. తల్లి గడప దాటగలిగితేనే చంటిపిల్ల నగరాన్ని చూసేది.

ఈ స్థలాలన్నిటికీ ఉమ్మడి లక్షణం దగ్గరితనం. నాంపల్లి రైల్వేస్టేషన్‌లో దిగిన కుటుంబం తోటకు, మ్యూజియానికి, మైదానానికి నడిచే వెళ్లగలిగేది. జిల్లాల నుంచి ఆసుపత్రి పని మీదో, కోర్టు పని మీదో వచ్చిన తండ్రి, రైలుకు వేళ కాకముందు పిల్లవాణ్ణి ఒకసారి తోటకు తీసుకువెళ్లడానికి వేరే ప్రయాణం అక్కర్లేదు. ఈ వెసులుబాటును ఎవరూ ప్రణాళికగా రాసిపెట్టలేదు. అది ఆ ప్రాంతపు అమరికలోనే ఉంది.

పిల్లలవిగా మారిన వస్తువులు:

పిల్లల కోసం కట్టినవన్నీ పిల్లలవి కావు. పిల్లల కోసం కట్టనివి కొన్ని పూర్తిగా పిల్లలవైపోతాయి. దీనికి సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారమే తార్కాణం. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించిన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ అందించిన ఆ గడియారంలో గంట సమీపించగానే ఒక చిన్న బొమ్మ మనిషి తలుపు తెరుచుకుని వచ్చి గంటలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. పన్నెండు గంటల వేళ అక్కడ జనం కిక్కిరిసిపోతారు. బెంజోనీ చెక్కిన ‘ముసుగు రెబెకా’ అద్భుత శిల్పమని పెద్దలు వివరిస్తున్నా, పిల్లలు ‘ఇంకా ఎంతసేపు?’ అని గడియారం వైపే లాగుతారు. నా చిన్నతనంలో మొదటిసారి వెళ్లినప్పుడు ముందువరుసలోని పెద్దవాళ్ల వీపులే కనిపించాయి. శబ్దం మాత్రం విన్నాను. మనిషిని చూడడానికి మరో గంట ఆగవలసివచ్చింది.

ఈ సేకరణలో ఎక్కువ భాగాన్ని సమకూర్చిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) అవివాహితుడు. ఆయన మ్యూజియంలో సీసపు సైనికులు, బుల్లి రైలు వంటి బొమ్మలతో బాలల విభాగం ఉండడం విశేషం. సంతానం లేని ఒక నవాబు బొమ్మలు నగరంలోని పిల్లలందరివీ అయ్యాయి.

నెహ్రూ పేరు, ప్రభుత్వ దృష్టి:

స్వాతంత్ర్యానంతరం పిల్లల విహారం ప్రభుత్వ బాధ్యతలలో చేరింది. ఢిల్లీలో 1956లో బాలభవన్ స్థాపితమైంది. అదే ఒరవడిలో 1960వ దశకంలో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ వెలిసింది. ఇక్కడ పిల్లవాడు ప్రేక్షకుడు కాడు, అభ్యాసకుడు. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం వంటివి స్వల్ప రుసుముతో నేర్చుకునే ఏర్పాటు మధ్యతరగతి కుటుంబాలకు పెద్ద ఆసరా అయింది.

తెలుగు పిల్లల విషయంలో దీనికి సమాంతరంగా మరొక ధార ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే శ్రోతల రేడియో అన్నయ్య, అక్కయ్య, మద్రాసులో బాలానంద సంఘాన్ని, 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ అవతరణతో వారి కార్యక్షేత్రం హైదరాబాద్‌కు మారింది. ఆకాశవాణి కేంద్రం కూడా పబ్లిక్ గార్డెన్స్‌కు దగ్గరే. ఉర్దూ ప్రధానంగా వినిపించిన రాజధానిలో, కొత్తగా వచ్చిన తెలుగు ఉద్యోగుల పిల్లలకు తమ భాషలో పాడుకునే, ఆడుకునే చోటు రేడియో స్టూడియో రూపంలో దొరికిందనడం అతిశయోక్తి కాదు. ఈ అంశం ప్రత్యేక పరిశోధనకు తగినది.

1959 అక్టోబరు 26న ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడిన జంతుప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరుచుకుంది. మీరాలం చెరువు పక్కన, 380 ఎకరాలలో, బోనులకు బదులు కందకాలతో వేరుచేసిన విశాలమైన ఆవరణలు జంతువులకు మేలు చేశాయనడంలో సందేహం లేదు. తోటలో ఇరుకున బతికిన మృగాలకు ఇది విముక్తి. అయితే పిల్లవాడి వైపు నుంచి చూస్తే మరొక మార్పు కనిపిస్తుంది. ఏ పొద్దునో ఒక గంట వెళ్లివచ్చే చోటు, పులిహోర మూటతో, నీళ్ల కూజాతో, రోజంతా గడపవలసిన యాత్ర అయింది. దానికి సెలవు కావాలి, బస్సు కావాలి, అందరికీ టికెట్లు కావాలి. దైనందిన వినోదం పండుగగా మారింది. పండుగ గొప్పదే, కాని అది ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది.

కొండ మీదికి, సాగరతీరానికి:

తరువాతి దశను క్లుప్తంగా చెప్పవచ్చు. నౌబత్ పహాడ్ మీద 1985లో ఎన్.టి. రామారావు బిర్లా ప్లానిటోరియాన్ని ప్రారంభించారు. 1990లో విజ్ఞాన ప్రదర్శనశాల తోడైంది. గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు ‘కోటసారస్’ అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంది. పరదేశపు సినిమాలలోనే రాక్షసబల్లిని చూసిన పిల్లవాడికి ఆ జంతువు తెలంగాణ నేలలోనే తిరిగిందని చెప్పే చోటు అది. ఉపాధ్యాయులు దీనిని తగినంతగా వాడుకోవడం లేదన్నది నా ఫిర్యాదు.

1994లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు వచ్చింది. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడి లేజర్ ప్రదర్శనలో పేలిన బాంబు, పిల్లలతో బయటికి వెళ్లడమనే మామూలు విషయంలోకి భయాన్ని తెచ్చింది. ద్వారాల వద్ద సంచుల తనిఖీ నగర జీవితంలో భాగమైంది. మరోవైపు 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో వండర్‌లా శివార్లలో వెలిశాయి. ఇవి ప్రైవేటు పెట్టుబడితో, సొంత వాహనమున్న కుటుంబాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. వాటిలోని వినోదాన్ని తక్కువ చేయనవసరం లేదు. రోజుకూలీ చేసే తల్లి తన బిడ్డను అక్కడికి తీసుకువెళ్లాలంటే ఎన్ని రోజుల కూలి అవుతుందో లెక్కవేస్తే చాలు, ‘ఆమ్’ అన్న మాట ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది.

దారి:

2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్.బి. నగర్ మెట్రో మార్గం ప్రారంభమైంది. అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు వరుసగా వచ్చే ఆ మార్గం, మన పరిశీలనలోని పాత పరిధినే మళ్లీ గీసినట్టుంటుంది. మొదటి స్టేషన్ దగ్గర తోట, మ్యూజియం, బాలభవన్. చివరి స్టేషన్ దగ్గర నుమాయిష్ మైదానం. జనవరి సాయంత్రాలలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగే గుంపులను చూస్తే, నాంపల్లి రైలు దిగి నడిచిన ఆనాటి కుటుంబాలు గుర్తుకు వస్తాయి. తోటలో జంతువులు లేవు. మమ్మీ ఉంది. జూపార్కుకు ఈ వ్యాసం రాసేనాటికి మెట్రో చేరలేదు. సెలవు రోజుల్లో బహదూర్‌పురా వైపు వెళ్లే బస్సుల్లో తల్లుల ఒడిలో కూర్చున్న పిల్లలు, జూ ఇంకా ఎంత దూరమని అడుగుతూనే ఉన్నారు.