చీఫ్‌టెన్స్: ఐరిష్ జానపద వాద్య బృందం చరిత్ర

చీఫ్‌టెన్స్ 1962 నవంబరులో ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ఏర్పడిన సంప్రదాయ సంగీత బృందం. స్థాపకుడు ప్యాడీ మొలోనీ. 2021లో ఆయన కన్నుమూసేదాకా, దాదాపు ఆరు దశాబ్దాలు, బృందం ఆయన సారథ్యంలోనే నడిచింది. ఆరు గ్రామీ పురస్కారాలు అందుకుంది. 1989లో ఐర్లాండ్ ప్రభుత్వం వీరిని దేశపు అధికారిక సంగీత రాయబారులుగా ప్రకటించింది. అయితే వీరి అసలు ఘనత పురస్కారాల లెక్కతో తేలేది కాదు. నాట్యానికి తోడుగా మాత్రమే బతుకుతున్న వాద్య సంగీతాన్ని, గాయకుడి అండ లేకుండా, కూర్చుని చెవి ఒగ్గి వినే సంగీతంగా నిలబెట్టారు. మిగతా చరిత్రంతా దాని చుట్టూ తిరిగేదే.

అంతకుముందు

ఐర్లాండ్ పల్లెల్లో రీల్, జిగ్, హార్న్‌పైప్ అనే బాణీలు నాట్యం కోసం పుట్టినవి. చాలా బాణీలకు రెండు భాగాలుంటాయి. ఒక్కో భాగాన్ని రెండేసి సార్లు వాయించి, మళ్లీ మొదటికి వస్తారు. ఇళ్లలో, వంటగదుల్లో, నాలుగు దారులు కలిసే చోట జనం వీటికి అడుగులు వేసేవారు. 1935లో వచ్చిన డాన్స్ హాళ్ల చట్టం బహిరంగ నాట్యాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. దాంతో ఇళ్లలో ఆటపాటలు వెనకబడి, పెద్ద హాళ్లలో వాయించే కేలీ బ్యాండ్లు ముందుకొచ్చాయి. ఎక్కువమంది కలిసి, డ్రమ్స్, పియానో వెన్నుదన్నుతో, అందరూ ఒకే బాణీని ఒకేసారి గట్టిగా వాయించడం వాటి పద్ధతి. ఆడేవారికి అది చాలు. వినేవారికి అందులో ఏ వాద్యం గొంతూ విడిగా తెలిసేది కాదు.

ఈ పద్ధతిని సూటిగా ఎదిరించినవాడు షాన్ ఓ రియాడా. 1931లో కార్క్‌లో పుట్టాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదివాడు. డబ్లిన్‌లోని ఆబీ నాటకశాలకు సంగీత దర్శకుడిగా పనిచేశాడు. 1959లో ‘మిషా ఏరా’ అనే చారిత్రక చిత్రానికి ఐరిష్ బాణీలతో పూర్తి ఆర్కెస్ట్రా సంగీతం కూర్చి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆ వెంటనే, 1960 ప్రాంతంలో, సంప్రదాయ వాద్యకారులను పోగేసి క్యోల్టోరీ కూలన్ అనే బృందాన్ని కట్టాడు. పైపులు, ఫిడేళ్లు, వేణువు, విజిల్, అకార్డియన్ అందులో ఉండేవి. వాటికి బౌరాన్‌ను కూడా చేర్చాడు. మేకతోలు బిగించిన గుండ్రటి చట్రం అది, చూడగానే మన డప్పు గుర్తొస్తుంది. అప్పటిదాకా దాన్ని ఎక్కువగా క్రిస్మస్ మర్నాడు వేషాలు కట్టి ఊరేగే కుర్రాళ్లే వాయించేవారు. లోహపు తీగల పాత ఐరిష్ హార్ప్ సంప్రదాయం అంతరించిపోయింది కాబట్టి, ఆ నాదానికి దగ్గరగా ఉంటుందని ఓ రియాడా తానే హార్ప్సికార్డ్ వాయించేవాడు.

ఆయన సూత్రం చాలా సరళం. అందరూ ఎప్పుడూ వాయించనక్కర్లేదు. ఒకరు బాణీ ఎత్తుకుంటే మిగతావారు ఆగుతారు. రెండో ఆవృత్తిలో ఒకరు చేరతారు, మూడోదానికి ఇంకొకరు. చివరికి అందరూ. ఈ ఒక్క ఆలోచన ఐరిష్ సంగీతపు దారినే మార్చేసింది. ఆ బృందంలో పైపులు వాయించిన యువకుడే ప్యాడీ మొలోనీ.

మొలోనీ, ఆయన పైపులు

మొలోనీ 1938లో డబ్లిన్ శివారు డానీకార్నీలో పుట్టాడు. చిన్నప్పుడే టిన్ విజిల్ పట్టాడు. తర్వాత పైపర్ల రాజుగా పేరున్న లియో రోసమ్ దగ్గర ఇలియన్ పైప్స్ నేర్చుకున్నాడు. చీఫ్‌టెన్స్ నాదానికి వెన్నెముక ఈ వాద్యమే కనుక దీని నిర్మాణం కొంచెం తెలియాలి.

స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్‌లా దీన్ని నోటితో ఊదరు, నిలబడి వాయించరు. వాద్యకారుడు కుర్చీలో కూర్చుని కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి కట్టుకుంటాడు. దాన్ని నొక్కుతుంటే గాలి ఎడమ చంకలో ఉన్న సంచిలోకి చేరుతుంది. వేళ్లు ఆడించే ప్రధాన గొట్టానికి రెండు స్థాయిల పరిధి ఉంది. దాని అడుగు భాగాన్ని తొడ మీది తోలుముక్కకు అదిమితే నాదం ఠక్కున తెగుతుంది. అదే ఒడుపుతో స్వరాన్ని పై స్థాయికి దూకించవచ్చు. మూడు డ్రోన్ గొట్టాలు ఒకే స్వరాన్ని మూడు స్థాయిల్లో శ్రుతిగా పలుకుతాయి. ఇవి కాక రెగ్యులేటర్లని మరో మూడు గొట్టాలుంటాయి. వేళ్లు బాణీ మీద ఉండగానే కుడి మణికట్టుతో వాటి మీటలు నొక్కి తోడు స్వరాలు పలికిస్తారు. మంద్రంగా మాట్లాడుకునే గదిలో కూర్చుని వాయించుకోవడానికి తగిన వాద్యం ఇది.

క్లాడా రికార్డ్స్

చీఫ్‌టెన్స్ పుట్టుకకు కారణం కచేరీ కాదు, ఒక రికార్డు. గిన్నెస్ కుటుంబానికి చెందిన గారెక్ బ్రౌన్ 1959లో క్లాడా రికార్డ్స్ స్థాపించాడు. ఆ సంస్థ మొదటి రికార్డు లియో రోసమ్ పైప్స్‌దే. బ్రౌన్ అడగగా మొలోనీ ఒక్క రికార్డు కోసమని కొందరిని కూడగట్టాడు. టిన్ విజిల్‌కు షాన్ పాట్స్, వేణువు, కాన్సర్టీనాలకు మైకేల్ టబ్రిడీ, ఫిడేలుకు మార్టిన్ ఫే, బౌరాన్‌కు డేవిడ్ ఫాలన్. బృందానికి పేరు సూచించింది కవి జాన్ మాంటేగ్యూ. ఆయన కథల పుస్తకం ‘డెత్ ఆఫ్ ఎ చీఫ్టెన్’ నుంచి ఆ మాట వచ్చింది.

అదే 1962లో, అదే డబ్లిన్‌లో, డబ్లినర్స్ అనే మరో బృందం కూడా మొదలైంది. అమెరికాలో క్లాన్సీ సోదరులు గిటార్, బాంజోలతో ఐరిష్ పాటలు పాడి అప్పటికే జనాన్ని ఉర్రూతలూగిస్తున్నారు. బజారంతా పాటలదే. చీఫ్‌టెన్స్ దగ్గర పాటా లేదు, గిటారూ లేదు. అలాంటి సమయంలో ఉత్త వాద్యాలతో రికార్డు చేయడానికి గుండె ధైర్యం కావాలి.

బతుకు తెరువు మాత్రం ఉద్యోగాలే. మొలోనీ భవన నిర్మాణ సామగ్రి అమ్మే కంపెనీలో లెక్కలు చూసేవాడు. టబ్రిడీ ఇంజనీరు. సాయంత్రాలు, సెలవు రోజులే సాధనకు. అందుకే రెండో రికార్డు 1969 దాకా రాలేదు. ఈలోగా ఫాలన్ స్థానంలో పెదర్ మెర్సియర్ వచ్చాడు, రెండో ఫిడేలుకు షాన్ కీన్ చేరాడు. 1968లో మొలోనీ క్లాడా రికార్డ్స్ నిర్వహణ బాధ్యతలు తీసుకున్నాడు. రికార్డు ఎలా తయారవుతుందో, ఎలా అమ్ముడవుతుందో కొన్నేళ్లపాటు లోపలినుంచి చూసిన ఆ అనుభవం తర్వాత బృందానికి ఎంతో అక్కరకొచ్చింది.

ఓ రియాడా 1971 అక్టోబరులో, నలభై ఏళ్ల వయసుకే చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన పనికి వారసులు చీఫ్‌టెన్సే అయ్యారు.

హార్ప్ తిరిగి రావడం

1970ల మొదట్లో బెల్‌ఫాస్ట్ నుంచి డెరెక్ బెల్ వచ్చాక బృందం సంపూర్ణమైంది. 1935లో పుట్టిన బెల్ పూర్తిగా శాస్త్రీయ సంగీతం మనిషి. బెల్‌ఫాస్ట్ బీబీసీ ఆర్కెస్ట్రాలో పనిచేసేవాడు. ఓబో, హార్ప్, పియానో, అన్నీ వాయించేవాడు. 1973లో వచ్చిన ‘చీఫ్‌టెన్స్ 4’లో ఆయన హార్ప్ వినిపించింది. ఓ రియాడా హార్ప్సికార్డ్‌తో తాత్కాలికంగా పూరించిన ఖాళీలోకి ఇప్పుడు నిజమైన హార్ప్ వచ్చి కూర్చుంది. 1670 నుంచి 1738 వరకు జీవించిన అంధ హార్ప్ విద్వాంసుడు టర్లో ఓ కారొలన్ బాణీలను ఈ బృందం లోకానికి మళ్లీ వినిపించగలిగిందంటే, అందులో పెద్ద పాలు బెల్‌దే.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ‘ఒక యోగి ఆత్మకథ’ రాసిన పరమహంస యోగానంద శిష్యుల్లో డొనాల్డ్ వాల్టర్స్ ఒకరు. స్వామి క్రియానందగా ప్రసిద్ధులు. ఆయన స్వరపరచిన బాణీలను బెల్ ‘మిస్టిక్ హార్ప్’ పేరుతో రికార్డు చేశాడు.

‘చీఫ్‌టెన్స్ 4’లోనే ‘మ్నా నా హేరన్’ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు అల్‌స్టర్ కవి పెదర్ ఓ డోర్నీన్ రాసిన కవితకు ఓ రియాడా కట్టిన బాణీ అది. మాటలు తీసేసి వాద్యాలతోనే వాయించారు. విలంబంగా, తొందర లేకుండా బాణీ ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి చేతులు మారుతుంది. దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ దీన్ని తన ‘బ్యారీ లిండన్’ సినిమాలో వాడుకున్నాడు. 1975 చివర్లో విడుదలైన ఆ సినిమా సంగీతానికి ఆస్కార్ వచ్చింది. సంగీత దర్శకుడిగా దాన్ని అందుకున్నది లెనార్డ్ రోజెన్‌మన్. ప్రేక్షకుల చెవుల్లో నిలిచిపోయింది మాత్రం చీఫ్‌టెన్స్ వాయించిన ఆ ప్రేమ బాణీ.

1975, ఆల్బర్ట్ హాల్

అదే ఏడాది మార్చి 17న, ఐర్లాండ్ ప్రజల పండుగ సెయింట్ పాట్రిక్ దినాన, లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కచేరీ చేశారు. హాలు కిక్కిరిసింది. ఆ తేదీని కాలంలో పెట్టి చూస్తేగాని దాని బరువు తెలియదు. నాలుగు నెలల కిందటే, 1974 నవంబరులో, బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఇంగ్లండులో ఐరిష్ యాస వినిపిస్తేనే అనుమానంగా చూసే రోజులవి. అలాంటప్పుడు లండన్ నడిబొడ్డున అంత పెద్ద హాలు ఐరిష్ బాణీల కోసం నిండింది. బృందంలో డబ్లిన్ వారితోపాటు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ కుటుంబం నుంచి వచ్చిన బెల్ ఉన్నాడు. వీరు రాజకీయ ప్రసంగాలు చేయలేదు. ఆ వేదిక మీద అలా కలిసి కూర్చోవడమే ఎంతో మాట్లాడిందని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఆ కచేరీ తర్వాతే ఉద్యోగాలు వదిలి పూర్తికాల సంగీతకారులయ్యారు. అంటే బృందం పుట్టిన పన్నెండేళ్లకు. 1976లో మెర్సియర్ స్థానంలో కెవిన్ కానిఫ్ వచ్చాడు. బౌరాన్‌తోపాటు చక్కటి గాత్రం కూడా ఆయనది. ఏడాదిలో ఎక్కువ భాగం ఊళ్లు తిరగడం అందరికీ సాగే పని కాదు. 1979లో పాట్స్, టబ్రిడీ తప్పుకున్నారు. వేణువుకు బాతీ బ్యాండ్, ప్లాంక్స్‌టీ బృందాల్లో వాయించిన మ్యాట్ మొలోయ్ వచ్చాడు. రాస్‌కామన్ జిల్లా బాలాహడెరీన్ వాడు. వేగంలోనూ పలుకు తేటదనంలోనూ పైపులకు దీటుగా వేణువు వాయించగల మనిషి. ఆయన రాకతో బృందం నాదం మరింత పదునెక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో రెండో జాన్ పాల్ పోప్ డబ్లిన్ ఫీనిక్స్ పార్కుకు వచ్చినప్పుడు పది లక్షలకు పైబడిన జనం ముందు వీరు వాయించారు.

సరిహద్దులు దాటి

1983లో చైనా వెళ్లి మహా కుడ్యం మీద వాయించారు, అక్కడి సంప్రదాయ వాద్యకారులతో కలిసి కచేరీలు చేశారు. 1988లో బెల్‌ఫాస్ట్ గాయకుడు వాన్ మారిసన్‌తో కలిసి చేసిన ‘ఐరిష్ హార్ట్‌బీట్’ నుంచి ప్రసిద్ధ గాయకులతో రికార్డుల వరుస మొదలైంది. 1995 నాటి ‘ది లాంగ్ బ్లాక్ వెయిల్’లో స్టింగ్, షినేడ్ ఓ కానర్, మార్క్ నాఫ్లర్, టామ్ జోన్స్, చివరికి రోలింగ్ స్టోన్స్ కూడా ఉన్నారు. అది బాగా అమ్ముడైంది. గ్రామీ కూడా తెచ్చింది. అతిథుల వెలుగులో బృందం మరుగున పడుతోందని సంప్రదాయవాదులు నొచ్చుకున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. అందులోని కొన్ని పాటల్లో పైపులు, హార్ప్ నేపథ్యానికి పరిమితమయ్యాయి.

కానీ అదే మొలోనీ 1996లో ‘సాంటియాగో’ చేశాడు. వాయవ్య స్పెయిన్‌లోని గలీసియాలోనూ బ్యాగ్‌పైప్ సంప్రదాయం ఉంది. అక్కడి యువ వాద్యకారుడు కార్లోస్ నూన్యెస్‌ను వెంటబెట్టుకుని, ఆ ప్రాంతపు బాణీలతో ఐరిష్ బాణీలకున్న చుట్టరికాన్ని వినిపించాడు. 2010లో గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ‘సాన్ పత్రీసియో’ అంతకన్నా లోతైనది. 1846లో మొదలైన అమెరికా, మెక్సికో యుద్ధంలో జాన్ రైలీ అనే ఐరిష్ సైనికుడు, అతనితోపాటు ఎందరో వలస సైనికులు, అమెరికా సైన్యాన్ని వదిలి మెక్సికో పక్షాన పోరాడారు. పట్టుబడినవారిలో చాలామందిని 1847లో ఉరితీశారు. మెక్సికోలో వారు వీరులు. ఈ కథను మెక్సికన్ గాయకులు, వాద్యకారులతో కలిసి చెప్పారు. ఇక్కడ అతిథులెవరూ అలంకారానికి రాలేదు. వారు లేకపోతే ఆ కథే లేదు.

చివరి ఏళ్లు

2002 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో డెరెక్ బెల్ మరణించాడు. మార్టిన్ ఫే అంతకు కొద్దికాలం ముందే పర్యటనలు మానేశాడు, 2012లో కన్నుమూశాడు. బెల్ స్థానంలో మరొకరిని శాశ్వత సభ్యుడిగా తీసుకోకుండా మొలోనీ, కీన్, మొలోయ్, కానిఫ్ నలుగురే ముందుకు నడిచారు. 2011లో వ్యోమగామి కేడీ కోల్మన్ మొలోయ్ వేణువును, మొలోనీ విజిల్‌ను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లి వాయించింది. యాభయ్యేళ్ల సందర్భంగా 2012లో వచ్చిన ‘వాయిస్ ఆఫ్ ఏజెస్’లో ఆ వాదనం కూడా చేరింది.

2020లో కొవిడ్ వల్ల వీడ్కోలు పర్యటన మధ్యలోనే ఆగిపోయింది. 2021 అక్టోబరులో ప్యాడీ మొలోనీ, 2023 మేలో షాన్ కీన్ మరణించారు. మొలోనీతోనే చీఫ్‌టెన్స్ ముగిసినట్టు. కొత్తగా వినాలనుకునేవారు అతిథులున్న రికార్డుల దగ్గర మొదలుపెట్టకుండా 1971 నాటి ‘చీఫ్‌టెన్స్ 3’, ఆ తర్వాత 1973 నాటి ‘చీఫ్‌టెన్స్ 4’ వినడం మంచిది. ఏ వాద్యం ఎప్పుడు చేరుతోందో, ఎప్పుడు తప్పుకుంటోందో గమనిస్తూ వింటే ఓ రియాడా ఆలోచన మొలోనీ చేతుల్లో ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది.